బర్త్‌డే డిన్నర్‌కి హోటల్ వెతికే ముందు పిల్లల లిస్టు రాయండి

పోయినేడాది మా అమ్మాయి పుట్టినరోజుకి నేను చేసిన తప్పు చెప్తే మీకు సగం పని తగ్గుతుంది. రేటింగ్ చూసి, ఫొటోలు చూసి, తలకి ఇంత అని తీసుకునే గ్రిల్ బఫేలో తొమ్మిది మందికి టేబుల్ బుక్ చేశాను. ఆ రోజు శనివారం. తొమ్మిది మందిలో నలుగురు శనివారం నీచు ముట్టరు. ఇంకో పిల్ల జైనుల అమ్మాయి, ఉల్లి, వెల్లుల్లి కూడా తినదు. ఊచలకి గుచ్చిన చికెన్ వస్తూనే ఉంది, ఈ ఐదుగురూ పైనాపిల్ ముక్కలు, మొక్కజొన్న గింజలు నములుతూ కూర్చున్నారు. బిల్లు మాత్రం తొమ్మిది తలలకీ కట్టాం.

అందుకని ఈసారి పదిహేనో పుట్టినరోజుకి ముందు కాగితం తీశాను. పేర్లు రాయించి, పక్కన ఎవరు ఏం తినరో రాయమన్నాను. ఏం తింటారని అడిగితే లాభం లేదు, "ఏదైనా ఓకే ఆంటీ" అంటారు. నేను హైస్కూల్ టీచర్ని, ఆ ఓకేలో ఎన్ని రకాలుంటాయో రోజూ చూస్తుంటాను. తల్లులకి ఫోన్ చేస్తే అసలు సంగతి తేలుతుంది. ఒకరికి హలాల్ కావాలి. ఒకరికి వేరుశనగ పడదు. మాది నవంబర్ మొదటి వారం, కార్తీకమాసం కాబట్టి ఇద్దరిళ్లలో గుడ్డు కూడా లేదు. అంటే కేకు కూడా ఎగ్‌లెస్సే. గురువారం వచ్చిన పుట్టినరోజుని ఆదివారానికి జరిపింది కూడా ఈ కాగితం చూసే.

మా అమ్మాయికి మందీ కావాలి, అంటే పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం కలిపి పెట్టే అరబ్బుల వంటకం. యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ల వారసులుండే హైదరాబాద్‌లోని బార్కస్ మందీకి పేరు. ఇప్పుడు మా సరూర్‌నగర్ వైపు కూడా దొరుకుతుంది. నాకూ ఇష్టమే. పెద్ద పళ్లెం చుట్టూ కింద కూర్చుని, వేళ్లకి నెయ్యి, మసాలా అంటాక ఒక్కరూ ఫోన్ ముట్టుకోలేరు. కానీ ఒకే పళ్లెం సరదా అందరూ అందులో చెయ్యి పెట్టినప్పుడే. ఐదుగురు పళ్లెం చుట్టూ, నలుగురు పక్కన పనీర్ ప్లేట్లతో కూర్చుంటే అది రెండు పార్టీలవుతుంది. "మందీ మన కజిన్స్‌తో, కార్తీకం అయ్యాక" అన్నాను. మూతి ముడుచుకుంది గానీ, కాగితం చూసి తనే కొట్టేసింది.

ఇక మిగిలినవి రెండు మూడు ఫ్యామిలీ రెస్టారెంట్లు. మీరు ఏ వేళకి పిల్లల్ని పంపుతారో ఆ వేళకే ముందొకసారి వెళ్లి చూడండి. నేనూ మా ఆయనా ఆదివారం ఏడింటికి సూప్ తాగే నెపంతో వెళ్లాం. మొదటి చోట పాటల మోతకి ఎదురుగా ఉన్న మా ఆయన మాట నాకు వినపడలేదు. ఇంకోచోట వాష్‌రూమ్‌కి బార్ గది మీదుగా వెళ్లాలి. తెలంగాణలో మద్యానికి 21 ఏళ్లు నిండాలి, అక్కడ మన పిల్లలకి పనేంటి? హుక్కా కేంద్రాలని 2024లోనే నిషేధించారు, అయినా రూఫ్‌టాప్ కేఫ్ అని పిల్లలు పేరు చెప్తే పగలే ఒకసారి మెట్లెక్కి చూడటం మంచిది.

మూడోది నచ్చింది. శాకాహారానికి వంటిల్లు విడిగా ఉంది, మెట్రో స్టేషన్ నుంచి నాలుగు నిమిషాల నడక. అక్కడా ఒక పేచీ వచ్చింది. తొమ్మిది మందికీ పొడవాటి బల్ల ఒకటి చూపించారు. పొడుగు బల్లకి ఆ చివర ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు, క్లాసులో కూడా వాళ్లే చివర కూర్చుంటారు. రెండు చదరపు బల్లలు కలిపి వేయించమన్నాను. మేనేజర్ నవ్వాడు గానీ వేయించాడు.

బేరం అక్కడే తేల్చుకోండి. మెనూ ముందే రాసిచ్చేశాం: మూడు వెజ్ స్టార్టర్లు, రెండు చికెన్ స్టార్టర్లు, రెండు రకాల బిర్యానీ, నూడుల్స్, ఉల్లి వెల్లుల్లి లేకుండా ఒక కూర. విడి రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. రోజుకి 7,500 రూపాయలు దాటిన గదులున్న పెద్ద హోటల్లో భోజనానికి 18 శాతం పడుతుంది. సర్వీస్ చార్జి దానంతటదే బిల్లులో వేయకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. కనపడితే తీసేయమనండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

మయొనైజ్ గుడ్డుతోనా, గుడ్డు లేకుండానా అడగండి. పచ్చి గుడ్డుతో చేసే రకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది. బయటి కేకు తేనిస్తారా, ఫ్రిజ్‌లో పెడతారా, దానికి డబ్బులడుగుతారా, ఇవీ అప్పుడే. వెయిటర్లు చప్పట్లు కొట్టి పాట పాడే ఏర్పాటుంటే వద్దని చెప్పండి. ఎనిమిదేళ్లప్పుడు అది ముచ్చట, పదిహేనేళ్లకి శిక్ష. నురగ స్ప్రే డబ్బాలు మాత్రం వద్దే వద్దు. అందులో మంట అంటుకునే గ్యాస్ ఉంటుంది, ఎదురుగా కొవ్వొత్తి వెలుగుతుంటుంది.

అన్నిటికన్నా పెద్ద చర్చ మా గురించే. "మీరు రాకండమ్మా" అంది. "బిల్లెవరు కడతారే?" అన్నాడు వాళ్ల నాన్న. చివరికి మూడు బల్లల అవతల, మా వీపు వాళ్లవైపు ఉండేలా కూర్చునే ఒప్పందం కుదిరింది. ఫొటో తియ్యకూడదు, కేకు కోసేటప్పుడు పిలిస్తేనే వెళ్లాలి. ఆరున్నరకి మొదలుపెట్టించాం, రద్దీ ఎనిమిది దాటాక గానీ రాదు. నేను తిరిగి చూడలేదు. ఎదురుగా అద్దం ఉంది కాబట్టి అవసరం పడలేదు.

తిరిగి ఇళ్లకి వెళ్లేటప్పుడు ఎవరు ఎవరితో వెళ్తారో కూడా అదే కాగితం మీద రాసుకోండి. మెట్రోలో ముగ్గురు కలిసి, ఇద్దరు ఎవరి నాన్న బండి మీద వాళ్లు, మిగతావాళ్లు మా కారులో. ఆఖరి పిల్ల తల్లి "చేరింది అక్కా" అని మెసేజ్ పెట్టాకే నేను చెప్పులు విప్పాను.