వలసలు, శరణార్థుల గురించి హోం మంత్రి మాట్లాడితే అది మన ఊరికి వర్తిస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఢిల్లీలో హోం మంత్రి గారు గంటసేపు మాట్లాడతారు, అందులోంచి ఇరవై సెకన్ల ముక్క కత్తిరించి ఎవరో వాట్సాప్‌లో పెడతారు, మర్నాడు ఒడిశాలో మన మల్కన్‌గిరి జిల్లా కలిమెల సంతలో "ఎంవీ ఊళ్లవాళ్లందర్నీ (బెంగాలీ శరణార్థులకి కట్టిచ్చిన ఊళ్లవాళ్లని) పంపించేస్తారంట" అన్న మాట నడుస్తుంది. మోటు నుంచి మల్కన్‌గిరి దాకా తెలుగు మాట్లాడేవాళ్లం బాగానే ఉన్నాం, చాలామంది పొలం గట్టుకి అవతల బెంగాలీ కుటుంబం పొలమే ఉంటుంది, కాబట్టి ఇది టీవీలో చూసి వదిలేసే గొడవ కాదు. మంత్రిని మెచ్చుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం. ఆ పని చేసే ముందు ఆయన మాట ఎవరికి తగులుతుందో చూసుకునే పద్ధతి చెప్తాను.

ముందు ప్రసంగం మొత్తం వినండి

సంసద్ టీవీ యూట్యూబ్‌లో వీడియో ఉంటుంది, లోక్‌సభ వెబ్‌సైట్‌లో చర్చ అంతా అక్షరాల్లో దొరుకుతుంది. ఉదాహరణకి 2025 మార్చి 27న ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ బిల్లు మీద అమిత్ షా గారు లోక్‌సభలో ఇచ్చిన జవాబు తీసుకోండి. దేశం ధర్మశాల కాదు అన్న మాట ఒక్కటే అందరికీ చేరింది. చదువుకి, వైద్యానికి, వ్యాపారానికి, టూరిజానికి వచ్చేవాళ్లకి స్వాగతం అని కూడా అదే జవాబులో ఉంది. బంగ్లాదేశ్ సరిహద్దులో 450 కిలోమీటర్ల కంచె ఆగిపోయిందనీ, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం భూమి ఇవ్వకపోవడమే కారణమనీ అన్నారు. అది రెండు ప్రభుత్వాల మధ్య తగాదా, దానికీ మల్కన్‌గిరికీ ఏ సంబంధమూ లేదు.

వినేటప్పుడు ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి. చట్టంలో ఉన్నది ఒక గడిలో, మంత్రి అభిప్రాయం ఇంకో గడిలో, ఎదుటి పార్టీకి కౌంటర్ మూడో గడిలో రాయండి. మూడో గడే త్వరగా నిండుతుంది, ఏ పార్టీ మంత్రి అయినా అంతే.

మంత్రి వాదనని ఆయన మెచ్చేటట్టు రాయండి

ప్రభుత్వ వాదన ఇది: దేశంలోకి ఎవరు రావాలో నిర్ణయించుకునే హక్కు దేశానిదే. శరణార్థుల మీద 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో గానీ, 1967 ప్రోటోకాల్‌లో గానీ భారత్ సంతకం చేయలేదు, అయినా టిబెటన్లకీ శ్రీలంక తమిళులకీ చోటిచ్చింది కదా అంటారు. ఇది ఉత్త మాట కాదు. పర్లాకిమిడి వైపు వాళ్లకి తెలుసు, గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర టిబెటన్లు 1963 నుంచి ఉన్నారు, జిరంగ్‌లో వాళ్ల పెద్ద బౌద్ధ విహారం చూడటానికి మనవాళ్లు కార్లు వేసుకుని మరీ వెళ్తుంటారు.

పక్కనే ఎదుటివాళ్ల ప్రశ్నలు కూడా రాయండి. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమంటూ లేనప్పుడు ఎవరికి చోటివ్వాలో అప్పటి ప్రభుత్వం ఇష్టమే అవుతుంది కదా? 2019 పౌరసత్వ సవరణ చట్టంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ అని మూడు దేశాలు, హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవ అని ఆరు మతాలు మాత్రమే ఎందుకు? ఆ దేశాల్లో మతం పేరుతో వేధింపులు పడిన మైనారిటీలు వాళ్లే అని ప్రభుత్వం జవాబు. మరి లంక తమిళుల సంగతేంటని తిరుగు ప్రశ్న. నన్నడిగితే, ప్రత్యేక చట్టం లేకపోవడమే ఈ వాదనలో అన్నిటికంటే బలహీనమైన చోటు. మంచి మంత్రి ఉన్నప్పుడు బాగానే నడిచింది అంటే, అది రేపటికి హామీ కాదు.

తేదీలు పట్టుకోండి, అసలు పని ఇక్కడే

పౌరసత్వం విషయంలో మంత్రి గొంతు ఎంత పెంచారన్నది లెక్కలోకి రాదు, తేదీ వస్తుంది. మన పక్క ఊళ్ల సంగతి తీసుకుందాం. 1958లో కేంద్రం దండకారణ్య ప్రాజెక్టు పెట్టి, తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన కుటుంబాలకి అప్పటి కొరాపుట్ జిల్లాలోనూ బస్తర్‌లోనూ భూములిచ్చింది. మల్కన్‌గిరి అప్పుడు కొరాపుట్‌లోనే ఉండేది, జిల్లా అయింది 1992లో. మల్కన్‌గిరి విలేజ్ అని అంకె వేసి కట్టినవే ఈ ఎంవీ ఊళ్లు. అంటే వీళ్లలో చాలామంది దొంగచాటుగా వచ్చినవాళ్లు కారు, ప్రభుత్వమే తెచ్చి పెట్టిన కుటుంబాలు.

ఇప్పుడు పౌరసత్వ చట్టం చూడండి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపు భారతదేశంలో పుట్టినవాళ్లు, విదేశీ రాయబారుల పిల్లల్లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, అమ్మానాన్నలు ఎక్కడివాళ్లయినా పుట్టుకతోనే పౌరులు. 1987 జులై 1 నుంచి 2004 డిసెంబర్ 2 లోపు పుట్టినవాళ్లకి అమ్మానాన్నల్లో ఒక్కరు పౌరులైతే చాలు. ఆ తర్వాత పుట్టినవాళ్లకి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. కాబట్టి ఎంవీ ఊళ్లో 1970లో పుట్టిన పెద్దాయన్ని "బంగ్లాదేశీ" అనడానికి చట్టంలో చోటే లేదు, 2004 డిసెంబర్ 2 లోపు పుట్టిన ఆయన పిల్లలకీ అంతే.

ఇంకో రెండు తేదీలు జనం బాగా కలిపేస్తున్నారు. పైన చెప్పిన సవరణ చట్టానికి గడువు 2014 డిసెంబర్ 31. ఆ లోపు వచ్చిన ఆ ఆరు మతాలవాళ్లు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పదకొండేళ్ల నివాసం బదులు ఐదేళ్లు చాలు. నియమాలు 2024 మార్చి 11న వచ్చాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఫీజు 50 రూపాయలు, జిల్లా స్థాయిలో కాగితాలు చూసే కమిటీకి పెద్ద తపాలా శాఖ సూపరింటెండెంట్. కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిప్పి డబ్బులడిగే బ్రోకర్లకి ఈ సంగతి చెప్పి చూడండి. ఇక 2024 డిసెంబర్ 31 అన్న తేదీ వేరే ఉత్తర్వులోది, 2025 సెప్టెంబర్ 1న కొత్త ఇమిగ్రేషన్ చట్టం అమల్లోకి వచ్చినప్పుడు దానితో పాటు వచ్చింది. అవే దేశాల, అవే మతాలవాళ్లు ఆ తేదీ లోపు పాస్‌పోర్టు, వీసా లేకుండా వచ్చి ఉంటే దాని మీద చర్య ఉండదని మాత్రమే అందులో ఉంది. పౌరసత్వం ఇస్తామని లేదు. గడువు పదేళ్లు పెంచేశారని వచ్చే మెసేజ్ తప్పు.

అస్సాం క్లిప్పుల్లో వినిపించే 1971 మార్చి తేదీ అస్సాం కోసం పెట్టిన సెక్షన్‌ది, దాన్ని ఒడిశాకి తగిలించకండి.

మన కాగితాలు కూడా చూసుకోండి

ఇది వాళ్ల గొడవ, మనకెందుకు అనుకునే తెలుగువాళ్లకి ఒక మాట. ఎవరి మీదైనా విదేశీయుడనే కేసు వస్తే, కాదని రుజువు చేసుకునే బరువు ఆ మనిషి మీదే ఉంటుంది. పాత 1946 విదేశీయుల చట్టంలోనూ అంతే, 2025 కొత్త ఇమిగ్రేషన్ చట్టంలోనూ అంతే. ఆధార్ కార్డు పౌరసత్వానికి రుజువు కాదు, ఆధార్ చట్టంలోనే ఆ మాట ఉంది. జనన ధ్రువపత్రం, స్కూలు టీసీ, తాతల పేరున్న పాత ఓటరు జాబితా, భూమి పట్టా ఒకచోట పెట్టుకోండి. తెలుగులో ఒక రకంగా, ఒడియాలో ఇంకో రకంగా ఇంటిపేరు పడిన కార్డులుంటే ఇప్పుడే సరిచేయించుకోండి, కేసు వచ్చాక కాదు. టెన్షన్ పడక్కర్లేదు, కానీ బద్ధకం వద్దు.

క్లిప్పు చూసి ఎవరింటికీ వెళ్లకండి

కాగితాలు చూపించమని అడిగే అధికారం మీకూ లేదు, మీ యువజన సంఘానికీ లేదు. అధికారులు చేసినా పొరపాట్లు జరుగుతున్నాయి. 2025 జులైలో ఝార్సుగుడాలో బెంగాలీ మాట్లాడే కూలీలను వందల సంఖ్యలో పట్టుకుని పరిశీలిస్తే, చాలామంది పశ్చిమ బెంగాల్ వాళ్లేనని తేలి వదిలేశారు. పైగా రాజ్యాంగం 21వ అధికరణ ప్రాణానికీ స్వేచ్ఛకీ ఇచ్చే రక్షణ పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ఎవరికైనా వర్తిస్తుంది. 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే, గుంపులు వాళ్లని తరిమేయకుండా కాపాడాల్సింది రాష్ట్రమే అని.

ఇంకా అనుమానం ఉంటే రాసి అడగండి

పౌరసత్వం, విదేశీయుల రాకపోకలు కేంద్రం జాబితాలోవి, కాబట్టి ఎమ్మెల్యేని పట్టుకుంటే ఆయన తల ఊపడం తప్ప చేసేదేమీ లేదు. మల్కన్‌గిరి జిల్లా నవరంగ్‌పూర్ లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది, ఆ ఎంపీకి ఉత్తరం రాసి సభలో ప్రశ్న వేయమనండి. నక్షత్రం గుర్తు ప్రశ్న అయితే మంత్రి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. గుర్తు లేనిదైతే రాతపూర్వక జవాబు వస్తుంది, నాకైతే ఇదే నచ్చుతుంది, అందులో ఉపన్యాసం ఉండదు. లేదా పది రూపాయలు కట్టి కేంద్ర హోం శాఖకి సమాచార హక్కు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "మీ విధానం ఏమిటి" అని అడిగితే ఏ జవాబైనా ఇవ్వొచ్చు, అలా అడక్కండి. ఫలానా తేదీ ఉత్తర్వు నకలు ఇవ్వండి, ఈ జిల్లా నుంచి ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్ని తేలాయో చెప్పండి అని అడగండి.