పాట రాదు, వాక్యం చెప్పలేను: మరి సంఘంలో నేనేం చేయాలి?

చర్చిలో పరిచర్య, అంటే సేవ, అనగానే మనవాళ్లకు మూడు పనులే గుర్తొస్తాయి: పాట పాడటం, కీబోర్డు వాయించడం, వాక్యం చెప్పడం (ప్రసంగించడం). ఈ మూడూ రానివాళ్లు వెనక బెంచీలో కూర్చుని, కానుక వేసి, పాస్టరు అయ్యగారికి వందనాలు చెప్పి ఇంటికి వెళ్లిపోతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను హైదరాబాద్ కోఠిలో మందుల హోల్‌సేల్ వ్యాపారంలో అకౌంట్స్ చూస్తాను. బోయిగూడ దగ్గర మా సంఘంలో కానుకల లెక్కలూ నేనే రాస్తాను. నలుగురి ముందు మైకు పట్టుకోవాలంటే నాకు టెన్షన్. డెబిట్, క్రెడిట్ మాత్రం బాగా వచ్చు. దేవుడు నా చేతికిచ్చింది అదే. అది చిన్నదని నేను ఏనాడూ అనుకోలేదు.

మొదట, మీకేం వచ్చో తేల్చుకోండి. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. లేచాక ఒక కాగితం తీసుకుని, ఈ మధ్య ఎవరెవరు మిమ్మల్ని ఏ సాయం అడిగారో రాయండి. పక్కింటావిడ ఫారం నింపిపెట్టమందా? బైకు స్టార్ట్ కాకపోతే మరిది మీకే ఫోన్ చేశాడా? అన్నదమ్ముల మధ్య మాట పడితే సర్దిచెప్పమని మిమ్మల్నే పిలుస్తారా? ఊరికే ఎవరూ అడగరు, మీకు వచ్చని తెలిసే అడుగుతారు. ఒకే రకం పని మళ్లీ మళ్లీ కనిపిస్తే అదే మీ తలాంతు, అంటే దేవుడు మీకిచ్చిన నేర్పు.

దీనికి స్టేజీ అక్కర్లేదని నమ్మకం కుదరకపోతే నిర్గమకాండం 31వ అధ్యాయం తీయండి. ఆరాధనకు కట్టిన ప్రత్యక్ష గుడారం పనివాడు బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, ఇత్తడి పనికి, రత్నాలు పొదగడానికి, చెక్క చెక్కడానికి. నాకు ఇంకా ఇష్టమైనది 38వ అధ్యాయం చివరి భాగం. చాలామంది దాన్ని గబగబా దాటేస్తారు. గుడారానికి ఎంత బంగారం, ఎంత వెండి, ఎంత ఇత్తడి వచ్చిందన్న లెక్క అది. మోషే రాయించమంటే, అహరోను కొడుకు ఈతామారు దగ్గరుండి రాయించాడు. 6,03,550 మంది, తలకు అర తులం వెండి. అంటే 3,01,775 తులాలు. అక్కడ వచ్చిన వెండి 100 మణుగుల 1,775 తులాలని ఉంటుంది. మణుగుకు 3,000 తులాల చొప్పున కట్టి చూడండి, ఒక్క తులం తేడా రాదు. ఖర్చు కూడా ఉంది: 100 మణుగులు దిమ్మలకు, 1,775 తులాలు స్తంభాల వంకులకు (కొక్కేలకు), బోదెల (స్తంభాల పైభాగాల) రేకులకు. లెక్క రాసేవాడి పని దేవునికి అక్కర్లేనిదైతే ఆ వచనాలు బైబిల్లో ఉండేవే కావు.

తర్వాత, సంఘానికి ఏం కావాలో అడగండి. ఆదివారం ఆరాధన అవగానే అడగొద్దు, అప్పుడు అయ్యగారి చుట్టూ ప్రార్థన చేయించుకునేవాళ్లు ఉంటారు. మంగళవారమో బుధవారమో ఫోన్ చేయండి. "అయ్యగారూ, నాకు కరెంటు పని వచ్చు. నెలకో శనివారం సాయంత్రం రాగలను, ఏం చూడమంటారు?" అనండి. "ఏదైనా చేస్తానండీ" అంటే కుర్చీలు సర్దే పని వస్తుంది. అదీ మంచి పనే, కానీ మీ చేతిలో ఉన్న విద్య అలాగే మిగిలిపోతుంది. అమ్మగారిని (పాస్టరుగారి భార్యను) కూడా అడగండి. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో, ఏ పిల్లకు లెక్కల ట్యూషన్ కావాలో ఆమెకే ఎక్కువ తెలుస్తుంది.

మా సంఘంలో గాంధీ ఆసుపత్రిలో పనిచేసిన నర్సమ్మ ఒకరున్నారు. బంధువులను తీసుకుని ఊళ్లనుంచి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేవాళ్లకు ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, ఏ కాగితాలు వెంట ఉండాలో ఆమె ముందే ఫోన్‌లో చెప్పిపెడతారు. ఆటో నడిపే తమ్ముడు మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లను ఆదివారం ఉదయం ఎక్కించుకొస్తాడు.

ఇక పని చేతికొచ్చాక, ఆఫీసులో ఎంత శ్రద్ధగా చేస్తారో అంత శ్రద్ధగానే చేయండి. "దేవుని పనే కదా, ఎలా చేసినా నడుస్తుంది" అనే మాట నాకు అస్సలు నచ్చదు. మేం కానుకలు ఎలా లెక్కపెడతామో చెప్తాను.

ఆరాధన అయ్యాక వెస్ట్రీలో (చర్చి పక్క గదిలో) బల్లమీద సంచులు బోర్లిస్తాం. ఇద్దరం ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. రెండోవారు రాకపోతే సంచి మూతి విప్పం. నోట్లన్నీ గాంధీ బొమ్మ పైకి వచ్చేలా తిప్పి 500, 200, 100 వేరువేరుగా పెడతాం. చిన్న మడతలు పెట్టి వేసిన 10 రూపాయల నోట్లు చాలా ఉంటాయి, కొంగుముడిలోంచి వచ్చినవి. వాటిని ఒక్కొక్కటీ విప్పి చేత్తో సాపు చేస్తాం. దశమభాగం (ఆదాయంలో పదోవంతు), కృతజ్ఞత కానుకల కవర్లు తెరిచి, ఎంత ఉందో ఆ కవరు మీదే రాసి దాచిపెడతాం. ఒకరు లెక్కపెట్టాక ఆ అంకె చెప్పకుండా రెండోవారికి ఇస్తారు. రెండూ కలిస్తేనే రిజిస్టర్‌లో రాసి ఇద్దరం సంతకం పెడతాం. మైకు సెట్టుకనీ పూలకనీ ఆ డబ్బులోంచి అక్కడికక్కడే తీయం, ఖర్చుకు వోచరు వేరు. యూపీఐ కానుక సంఘం ఖాతాకే రావాలి, ఎవరి సొంత నంబరుకూ కాదు. సోమవారం బ్యాంకులో వేసి, చలానా ముక్క రిజిస్టర్‌లో అంటిస్తాం.

ఇదంతా మనుషుల మీద అనుమానంతో కాదు. 2 రాజులు 12లో యాజకుడు యెహోయాదా పెట్టె మూతకు బెజ్జం చేసి మందిరంలో పెడితే, అది నిండినప్పుడు రాజు లేఖరి, ప్రధానయాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కచూసేవారు. పౌలు కూడా చందా విషయంలో ప్రభువు ముందే కాక మనుషుల ముందు కూడా సరిగా ఉండాలని తన జతపనివాడు తీతుతో పాటు ఇంకో సహోదరుణ్ణి పంపాడు, 2 కొరింథీ 8 చూడండి.

సంఘం గోడల బయట కూడా మీ విద్యకు పని ఉంది. ప్రైవేటు ఉద్యోగం చేసే భర్త చనిపోయి, పీఎఫ్ గురించి ఏమీ తెలియక కూర్చున్న చెల్లెళ్లు ఉంటారు. పీఎఫ్ డబ్బుకు ఫారం 20, నెలనెలా పెన్షన్‌కు 10డి, బీమా సొమ్ముకు 5ఐఎఫ్, మూడూ కలిపిన ఒకే ఫారం కూడా ఉంది. పీఎఫ్‌తో పాటు బీమా ఉందనే చాలామందికి తెలియదు. ఫారం నింపి, మరణ ధ్రువపత్రంలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసిపెట్టండి. విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అని యాకోబు రాశాడు. పరామర్శ అంటే ఓదార్పు మాట ఒక్కటే అని నేను అనుకోను.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఏ విద్యతో రోజుకూలి సంపాదిస్తున్నాడో ఆ విద్యనే ఒక తమ్ముడు సంఘానికి ఇస్తుంటే, ప్రభువు పని అని చెప్పి రోజంతా ఉచితంగా చేయించుకోవడం అన్యాయం. పనివాడు తన జీతానికి పాత్రుడని చెప్పింది యేసు ప్రభువే. అతను తనంతట తాను గంట ఇస్తానంటే సంతోషంగా తీసుకోండి. రోజు పనైతే కూలి ఇవ్వండి, సామాను ఖర్చు ఎటూ సంఘానిదే.

మీ వైపునుంచి కూడా హద్దు పెట్టుకోండి. "ఈ ఏడాది క్రిస్మస్ వరకు చూస్తాను" అని ముందే చెప్తే మాట నిలబడుతుంది. మార్చి నెలాఖరులో ఆఫీసులో నాకు తలెత్తే తీరిక ఉండదు. ఆ వారాలు ఇంకొకరు చూసుకునేలా ఫిబ్రవరిలోనే మాట్లాడిపెడతాను.

బెసలేలుకు, అతనితో పనిచేసిన అహోలీయాబుకు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా దేవుడిచ్చాడని నిర్గమకాండం 35వ అధ్యాయంలో ఉంది. కానుకల లెక్కకు నా పక్కన ఇప్పుడు బీకాం చదివే అమ్మాయి కూర్చుంటోంది. నేర్పేటప్పుడు పెన్ను వాళ్ల చేతికే ఇవ్వండి. కూడిక తప్పితే మీరు దిద్దకుండా, ఎక్కడ తప్పిందో వాళ్లనే వెతకనివ్వండి. సంఘంలో ఒక పని తెలిసిన మనిషి ఒక్కరే ఉంటే, ఆ మనిషికి జ్వరం వచ్చిన ఆదివారం ఆ పని ఆగిపోతుంది. ఈ నెలలోనే ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.