కారు లేకుండా విదేశీ యాత్ర - మూడో పాఠం: మజిలీలను వరసలో పెట్టడం

మొదటి పాఠంలో ఏ దేశం, ఏ నెల అన్నది తేల్చుకున్నాం. రెండో పాఠంలో చూడాలనుకున్న ఊళ్లన్నీ కాగితం మీద రాసి సగానికి పైగా కొట్టేశాం. మన ఉదాహరణ జపాన్, అక్టోబరు చివర, పది రాత్రులు. వెళ్లేది భార్యాభర్తలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, పన్నెండేళ్ల పాప. కాగితం మీద మిగిలిన పేర్లు టోక్యో, కనజావా, షిరకావాగో, క్యోటో, నారా, హిమేజీ. ఈ పాఠంలో వీటిని ఒక వరసలో పెడదాం.

కారులో తిరిగేవాళ్లు చూడాల్సిన చోట్లు ముందు ఎంచుకుంటారు, పొద్దుపోయిన చోట బస చేస్తారు. రైళ్లనీ బస్సులనీ నమ్ముకున్నవాళ్లకు అది కుదరదు. మనం ముందు మకాం ఎంచుకోవాలి, చూసే చోట్లను దాని చుట్టూ అమర్చుకోవాలి. సామానుతో ఊరు మారే రోజులు వీలైనంత తగ్గాలి. చేతిలో చిన్న సంచితో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే రోజులు పెరగాలి. ఈ పాఠంలో చేసేదంతా ఇందుకోసమే.

ముందు రెండు చివరలు చూద్దాం. విమానం ఒక ఊళ్లో దిగి మరో ఊళ్లో ఎక్కొచ్చు. టికెట్లు వెతికేటప్పుడు రౌండ్ ట్రిప్ బదులు మల్టీ సిటీ ఎంచుకుంటే చాలు. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగానో బ్యాంకాక్ మీదుగానో వెళ్లేవాళ్లు టోక్యో దగ్గరి నరీతాలో దిగి, ఒసాకా దగ్గరి కన్సాయ్‌లో తిరుగు విమానం ఎక్కేలా చూసుకోవచ్చు. అలా కాకుండా తిరుగు విమానం కూడా టోక్యో నుంచే అయితే, చివరి రోజు క్యోటో నుంచి బుల్లెట్ రైలులో రెండుంబావు గంటలు, అక్కడి నుంచి నరీతాకు మరో గంట. పైగా మనిషికి 14 వేల యెన్ల దాకా ఖర్చు. నలుగురికీ కలిపి లెక్క వేయండి. మల్టీ సిటీ టికెట్ కొంచెం ఎక్కువైనా చాలాసార్లు అదే లాభం.

రాత్రుల పంపకం ఇలా చేద్దాం: టోక్యోలో నాలుగు, కనజావాలో రెండు, క్యోటోలో నాలుగు. ఆరు పేర్లకు మూడే మకాంలు. షిరకావాగోకు కనజావా నుంచి, నారాకూ హిమేజీకీ క్యోటో నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అంటే సామానుతో ఊరు మారేది రెండుసార్లే.

ఇప్పుడు అసలు పని. మకాం ఏ ఊళ్లో అన్నది తేలింది, ఏ స్టేషన్ దగ్గర అన్నది తేలలేదు. టోక్యో అనగానే చాలామంది షింజుకులో హోటల్ తీసుకుంటారు. ఊరు తిరగడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ స్టేషన్‌కు 200 పైగా ద్వారాలున్నాయి. ఒక ద్వారం బదులు ఇంకో ద్వారంలో బయటపడితే, పెద్దావిడతో సూట్‌కేసులు లాక్కుంటూ ఎంత నడవాల్సి వస్తుందో చెప్పలేం. మన వరసకు ఉయెనో నయం. నరీతా నుంచి స్కైలైనర్ రైలు ముప్పావుగంటలో నేరుగా ఉయెనోకు వస్తుంది. కనజావా వెళ్లే బుల్లెట్ రైళ్లలో చాలావరకు టోక్యో స్టేషన్‌లో బయల్దేరి ఉయెనోలో ఆగుతాయి. దిగడం, బయల్దేరడం రెండూ ఒకే పేటలో అయిపోతాయి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ఉయెనోలో బుల్లెట్ రైలు ప్లాట్‌ఫామ్‌లు నేల కింద నాలుగో అంతస్తులో ఉంటాయి. రైలు టైముకు అరగంట ముందే స్టేషన్‌లో ఉంటే లిఫ్ట్ వెతుక్కోవడానికి తొందర ఉండదు.

క్యోటోలో హోటల్ క్యోటో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గర్లో చూడండి. నారాకూ హిమేజీకీ రైళ్లు, కన్సాయ్ విమానాశ్రయానికి వెళ్లే హరుకా రైలు, అన్నీ అక్కడి నుంచే. పాత వీధుల మధ్య అందమైన బసలు ఉంటాయి, కాదనను. కానీ అక్కడికి చేరాలంటే సిటీ బస్సు ఎక్కాలి, ఆ బస్సులు యాత్రికులతో కిక్కిరిసి ఉంటాయి. వెళ్లొచ్చే ఊళ్లకూ ఇదే లెక్క. నారాలో రెండు స్టేషన్లున్నాయి, ఒకటి కింతెత్సు అనే ప్రైవేటు రైలు కంపెనీది, ఇంకోటి జపాన్ రైల్వేస్, అంటే జేఆర్‌ది. జింకలు తిరిగే పార్కుకు కింతెత్సు నారా స్టేషన్ ఐదారు నిమిషాల నడక. జేఆర్ నారా నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ తేడా చాలా పెద్దది. హిమేజీలో ఈ చిక్కు లేదు. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా తిన్నని రోడ్డు, దాని చివర తెల్లని కోట కనిపిస్తుంది.

ఇక ప్రయాణ కాలం. టైంటేబుల్‌లో కనిపించేది రైలు కదిలే కాలం. మనకు కావాల్సింది ఈ హోటల్ గుమ్మం నుంచి ఆ హోటల్ గుమ్మం దాకా పట్టే కాలం. టోక్యో నుంచి కనజావాకు రెండున్నర గంటలు అని రాసి ఉంటుంది. గది ఖాళీ చేయడం, స్టేషన్ చేరడం, ప్లాట్‌ఫామ్ వెతుక్కోవడం, దిగాక అవతలి హోటల్ చేరడం కలిపితే నాలుగున్నర గంటలు. అంటే ఊరు మారే రోజున సగం రోజే చేతిలో ఉంటుంది. కనజావా చేరిన ఆ మధ్యాహ్నం కెన్‌రొకుఎన్ తోట ఒక్కటే పెట్టుకోండి. ఇంకోటి ఇరికించకండి.

కనజావా నుంచి క్యోటోకు వెళ్లే దారిని కాస్త ఆగి చూడాలి. ఇదివరకు థండర్‌బర్డ్ అనే ఎక్స్‌ప్రెస్ నేరుగా క్యోటోకు తీసుకెళ్లేది. 2024 మార్చి 16న బుల్లెట్ రైలు మార్గాన్ని త్సురుగా దాకా పొడిగించాక ఆ నేరు రైలు పోయింది. ఇప్పుడు త్సురుగా దాకా బుల్లెట్ రైలు, అక్కడ దిగి థండర్‌బర్డ్. పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకున్నవాళ్లు ఇక్కడే కంగారు పడతారు. త్సురుగాలో బుల్లెట్ రైలు పై అంతస్తులో ఆగుతుంది, థండర్‌బర్డ్ కింద నేల అంతస్తులో నిలబడి ఉంటుంది. మధ్య అంతస్తులో టికెట్ గేట్లు దాటాలి. చాలా రైళ్లకు దీనికిచ్చే వ్యవధి పది నిమిషాల లోపే. రైలులోని వాళ్లందరూ ఒకేసారి ఎస్కలేటర్ వైపు వెళ్తారు. పెద్దవాళ్లు ఉంటే రైలు ఆగడానికి ముందే సామాను సర్దుకుని తలుపు దగ్గర ఉండాలి, దిగగానే లిఫ్ట్ వైపు నడవాలి. టికెట్లు మాత్రం నలుగురివీ ఒకరి దగ్గరే ఉండకూడదు, గేటు దగ్గర ఎవరి టికెట్ వాళ్ల చేతిలో ఉండాలి. అంత హడావుడి వద్దనుకుంటే, థండర్‌బర్డ్‌లో సీటు తర్వాతి బండికి తీసుకోండి. ఆ ఎదురుచూపుకు నేను ఎప్పుడూ ఓటేస్తాను.

సామాను సంగతికి జపాన్‌లో మంచి ఉపాయం ఉంది. పిల్లను నోట కరచుకున్న నల్ల పిల్లి బొమ్మతో వ్యాన్లు కనిపిస్తాయి. అవి సామాను చేరవేసే తక్క్యూబిన్ సర్వీసువి. హోటల్ రిసెప్షన్‌లో ఫారం నింపి, డబ్బు కట్టి, పెట్టె అప్పగిస్తే ఎక్కువ ఊళ్లకు మర్నాటికి చేరుస్తారు. ఏ తేదీకి చేరాలో కూడా రాయొచ్చు. మన వరసలో పెద్ద పెట్టెలను టోక్యో నుంచి నేరుగా క్యోటో హోటల్‌కు పంపేసి, కనజావాకు రెండు రోజుల బట్టలు, మందులు, పాస్‌పోర్టులు పెట్టుకున్న చిన్న సంచులతో వెళ్లాలి. అప్పుడు త్సురుగాలో మెట్లున్నా టెన్షన్ ఉండదు. క్యోటో హోటల్‌కు ముందుగా ఒక ఈమెయిల్ పెట్టండి, బుకింగ్ ఎవరి పేరున ఉందో ఆ పేరే ఫారం మీద రాయండి.

షిరకావాగోకు రైలు లేదు. నిటారుగా దిగే గడ్డి కప్పుల ఇళ్లతో కొండల మధ్య ఉన్న పల్లె అది, 1995 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. కనజావా నుంచి బస్సులో గంటంబావు నుంచి గంటన్నర. చాలా బస్సుల్లో సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. పల్లెలకు వెళ్లేటప్పుడు ముందు తిరుగు బస్సు చూడండి, వెళ్లే బస్సు తర్వాత. తిరుగు బస్సుల్లో చివరిదానికి ముందుదాంట్లో సీటు తీసుకోండి, ఏదైనా తేడా వస్తే ఇంకొకటి మిగిలి ఉంటుంది. అక్టోబరు చివర ఆ కొండల్లో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, అందుకని పొద్దున్నే వెళ్లడం మేలు.

డబ్బు సంగతి క్లుప్తంగా. చాలావరకు జేఆర్ రైళ్లలో ఏడు రోజులు ఎన్నిసార్లయినా తిరగనిచ్చే జేఆర్ పాస్ 2023 అక్టోబరు దాకా 29,650 యెన్లు, ఆ నెలలో 50 వేలకు పెరిగింది. అప్పటిదాకా కళ్లు మూసుకుని కొనేవాళ్లు, ఇప్పుడు కూడి చూడాలి. మన వరసలో టోక్యో నుంచి కనజావాకు సుమారు 14 వేలు, కనజావా నుంచి క్యోటోకు ఎనిమిది తొమ్మిది వేలు, మిగతావన్నీ కలిపినా మొత్తం పాస్ ధరకు చాలా దూరంలో ఉంటుంది. పాస్ అక్కర్లేదు. హిమేజీ బదులు హిరోషిమా పెట్టుకుంటే రానుపోను 23 వేల దాకా అవుతుంది, అప్పుడు మళ్లీ కూడి చూసుకోండి. బుల్లెట్ రైలు సీట్లు ప్రయాణానికి నెల ముందు అక్కడి టైములో ఉదయం పదింటికి తెరుస్తారు, అంటే మనకు ఆరున్నర.

ఈ వారం చేయాల్సిన పని: నోటుపుస్తకంలో ఆరు గడులు గీయండి. తేదీ, పడుకునే ఊరు, హోటల్‌కు దగ్గరి స్టేషన్, ఆ రోజు ప్రయాణం గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలు, పెద్ద పెట్టెలు ఆ రాత్రి ఎక్కడుంటాయి, తిరుగు బండి టైము. మీ యాత్ర ఏ దేశానికైనా ఇవే గడులు. జపాన్ వీసా దరఖాస్తుతో పాటు రోజువారీ కార్యక్రమం కూడా ఇవ్వాలి కాబట్టి ఈ పట్టికే అక్కడా పనికొస్తుంది. ఊరు మారే రోజులు వరసగా రెండు వస్తే ఒక మకాం తీసేసి చూడండి. వెళ్లొచ్చే రోజుల్లో ఆరో గడి ఖాళీగా ఉంటే, ఆ రోజుకు ఇంకా ఏ టికెట్టూ కొనకండి. నాలుగో పాఠంలో టోక్యో నాలుగు రోజులు తీసుకుని, సిటీ రైళ్లు, కార్డులు, చివరి రైలు టైముల పని చూద్దాం.