హెచ్7 మీద బిషప్‌ను ఎలా బలి ఇవ్వాలి?

చదరంగంలో దాడి కోసం ఒక పావును కావాలని వదులుకోవడమే బలి. దీన్ని నేర్చుకోవడానికి బోర్డు, పావులు ఉంటే చాలు. గడియారం పెట్టకండి. ఫోనులో కాకుండా చెక్క బోర్డు మీదే సాధన చేయండి, రాజు చుట్టూ ఏ గళ్లు ఖాళీగా ఉన్నాయో కంటికి బాగా ఆనుతుంది.

పావులు ఇలా పేర్చండి (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది). తెల్లవైపు డి3లో బిషప్, ఎఫ్3లో గుర్రం, డి1లో మంత్రి, ఇ5లో బంటు ఉండాలి. సి1 బిషప్‌కు హెచ్6 వైపు దారి తెరిచి ఉండాలి. నల్ల రాజు క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి జరగడం) చేసి జి8లో కూర్చోవాలి, ఇ6లో నల్ల బంటు, డి8లో నల్ల మంత్రి ఉండాలి. మొదట బిషప్ హెచ్7 బంటును తిని చెక్ ఇస్తుంది. రాజు దాన్ని తింటాడు. గుర్రం జి5కి దూకి మళ్లీ చెక్ ఇస్తుంది. ఇంతవరకు ఎవరైనా ఆడగలరు.

గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగుకు చేరినప్పటి నుంచి మా హనుమకొండ పిల్లల్లో బలుల మీద మోజు పెరిగింది. సంతోషమే. కానీ మొన్న ఒక పిల్లవాడు నల్ల గుర్రం ఎఫ్6లోనే ఉండగా బిషప్‌ను హెచ్7 మీదికి విసిరాడు. ఆ గుర్రమే వచ్చి బిషప్‌ను తినేసింది. వాడు బోర్డువైపు చూస్తూ ఉండిపోయాడు. నాకు కడుపు తరుక్కుపోయింది.

అందుకే బిషప్‌ను ముట్టుకునే ముందే లెక్క వేయండి. ఎఫ్6లో గుర్రం ఉందా? నల్ల బిషప్ ఇ7లో ఉంటే జి5కి దూకిన మీ గుర్రాన్ని తినేస్తుంది, అప్పుడు హెచ్4లో బంటు, హెచ్1లో ఏనుగు లేకపోతే మీ దాడి ఆగిపోయినట్టే. తర్వాత రాజు వెళ్లగల ముఖ్యమైన మూడు గళ్లనూ విడివిడిగా చూడండి. జి8కి వెనక్కి వెళ్తే మంత్రి హెచ్5, హెచ్7లో మాట్ బెదిరింపు. నల్లవాళ్లు దాన్ని ఆపగలరేమో చూడండి. హెచ్6కి వస్తే గుర్రం ఇ6 బంటును తింటుంది, వెనక నుంచి సి1 బిషప్ చెక్ పడుతుంది, నల్ల మంత్రి గుర్రం నోట్లో ఉంటుంది.

అసలు పరీక్ష రాజు జి6కి వచ్చినప్పుడు. చాలామంది ఇక్కడే కంగారుపడి చెక్ మీద చెక్ ఇచ్చి రాజును తామే బయటపడేస్తారు. ఇక్కడ చెక్ ఇవ్వకూడదు. మంత్రిని జి4లో నిలబెట్టాలి. గుర్రం కదిలితే మంత్రి చెక్ తగులుతుంది, ఆ బెదిరింపే మీ బలం. నల్లవాళ్లు ఎఫ్5 తోస్తే మంత్రిని జి3కి జరపండి, ఆ గీత వదలకండి. హెచ్4 తోయడం మేలనేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం జి4 తప్ప మరొకటి నేర్పను. ఈ గడిలో మీకు గెలుపు కనబడకపోతే బిషప్‌ను డి3లోనే ఉంచండి.

కొందరు మొదటి రోజే రెండు బిషప్‌ల బలి చూపిస్తారు, 1889లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన లాస్కర్ బౌయర్ అనే ఆటగాడి మీద ఆడినట్టు. అది అద్భుతం, కానీ ఒక్క బిషప్ లెక్క రానివాళ్లకు అది నేర్పడం తప్పు.

రాజు బిషప్‌ను తినకుండా హెచ్8కి తప్పుకుంటే తొందరపడకండి. మీకు ఒక బంటు లాభం, బిషప్‌ను డి3కి వెనక్కి తెచ్చుకోండి.