చిన్న తరగతుల టీచర్లకు అన్ని సబ్జెక్టుల్లో సైన్స్ కలిపి చెప్పడం నేర్పించడం ఎలా?

ఒకటి నుంచి మూడో తరగతి దాకా చాలా చోట్ల ఒకే టీచర్ అన్నీ చెబుతారు. భాష, లెక్కలు, బొమ్మలు, ఆటలు అన్నీ ఆవిడ చేతి మీదుగానే. సైన్స్‌కు టైమ్ టేబుల్‌లో దక్కేది తక్కువ. పిల్లలు చదవడంలో వెనకబడ్డారంటే ముందు పోయేది ఆ పీరియడే. అందుకే సైన్స్‌ను మిగతా సబ్జెక్టుల్లో కలిపి చెప్పమంటారు. ఎలా కలపాలో మాత్రం చేసి చూపించేవాళ్లు తక్కువ.

మొదట్లో నేనిచ్చిన ఒక ట్రైనింగ్ తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. రోజంతా స్లైడ్లు వేసి, సబ్జెక్టులను కలపడం ఎంత అవసరమో వివరంగా చెప్పాను. నెల తర్వాత ఒక తరగతికి వెళ్తే, పిల్లలు ‘నీరు ఆవిరి అవుతుంది’ అనే వాక్యాన్ని పదిసార్లు చూసి రాస్తున్నారు. ఆ టీచర్ నా మాట మీద గౌరవంతో, శ్రద్ధగా, భాషలో సైన్స్ కలిపారు. తప్పు ఆమెది కాదు, నేర్పిన నాది. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లకు, హెడ్మాస్టర్లకు, తోటివాళ్లకు నేర్పాలనుకునే సీనియర్లకు పనికొస్తుందని ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు వాళ్ల తరగతిలో కూర్చోండి

ట్రైనింగ్‌కు ముందే కనీసం ఇద్దరు ముగ్గురు టీచర్ల తరగతుల్లో ఒక పూట గడపండి. తప్పులు పట్టడానికి వెళ్లవద్దు. ఆ వారం భాషలో ఏ పాఠం నడుస్తోంది, లెక్కల్లో కొలతలు మొదలయ్యాయా, పిల్లల నోట్‌బుక్కుల్లో సొంత వాక్యాలు ఎన్ని ఉన్నాయి, ఇవి రాసుకోండి. మీ ఉదాహరణలన్నీ వీటి నుంచే రావాలి.

‘నాకు సైన్స్ రాదండీ’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. దాన్ని కొట్టిపారేయకండి. చదువుకునే రోజుల్లో సైన్స్ అంటే బట్టీ పట్టిన నిర్వచనాలే అయినవాళ్లకు ఆ టెన్షన్ నిజమైనదే.

2. టీచర్లనే పిల్లల స్థానంలో ఉంచండి: నీళ్ల మడుగు ప్రయోగం

ట్రైనింగ్ మొదటి గంటలో ఉపన్యాసం వద్దు. అందరినీ ఎండ తగిలే గచ్చు మీదికి తీసుకెళ్లండి. నలుగురికో గ్రూపు. ఒక్కో గ్రూపు అర గ్లాసు నీళ్లు నేల మీద పోసి, మడుగు అంచు వెంబడి సుద్దముక్కతో గీత గీయాలి. పావుగంటకోసారి వచ్చి అప్పటి అంచు చుట్టూ మళ్లీ గీయాలి. నరికిన చెట్టు మొద్దులో వలయాల్లా గీతలు ఒకదానిలో ఒకటి ఏర్పడతాయి.

గీత గీసిన ప్రతిసారీ దాని మీదుగా దారం పరిచి, సరిపడా తెంపి, ఆ దారాలను ఒక కర్రకు వరసగా వేలాడదీయమనండి. పొడవు తగ్గుతూ వచ్చే దారాలే గ్రాఫ్ అయిపోతాయి. కొన్నిసార్లు మడుగు మధ్యలో ఆరి రెండు ముక్కలవుతుంది. అప్పుడు నీళ్లు తగ్గినా, రెండు అంచులూ కలిపితే దారం పెరగవచ్చు. ఇలా జరిగిన గ్రూపు మొదట కంగారు పడుతుంది, తర్వాత వాదించుకుంటుంది. దారం కొలుస్తున్నది అంచునే కానీ నీటిని కాదని వాళ్లకు వాళ్లే కనిపెట్టే ఆ పది నిమిషాల్లో మీరు నోరు మెదపవద్దు. అంతకన్నా మంచి లెక్కల పాఠం మీరు చెప్పలేరు.

ఇప్పుడు అడగండి: ‘నీళ్లు ఏమయ్యాయి?’ వచ్చిన జవాబులను వచ్చిన మాటల్లోనే బోర్డు మీద రాయండి. ఆరిపోయాయి. ఇంకిపోయాయి. ఇగిరిపోయాయి. ఎండ లాగేసింది. నేల తాగేసింది. ఈ మాటలన్నీ ఒకటేనా? ‘ఇంకిపోయాయి’ అన్నవాళ్ల ఉద్దేశంలో నీళ్లు కిందికి వెళ్లాయి. ‘ఇగిరిపోయాయి’ అన్నవాళ్లు అవి గాలిలో కలిశాయంటున్నారు. ‘ఆరిపోయాయి’ అన్నవాళ్లు ఎక్కడికి వెళ్లాయో చెప్పలేదు, నేల పొడిగా ఉందని మాత్రమే చెప్పారు. ఒక్కో మాట వెనక ఒక్కో సిద్ధాంతం ఉంది. భాష, సైన్స్ కలవడమంటే ఇదే. మాటను పట్టుకుని విడదీస్తే పరీక్షించదగ్గ ప్రశ్న బయటికొస్తుంది.

ఆ ప్రశ్నను ఎలా పరీక్షించాలో వాళ్లనే ఆలోచించనివ్వండి. తట్టకపోతే రెండు స్టీలు పళ్లేలు ఇవ్వండి. రెండింటిలో రెండేసి చెంచాల నీళ్లు పోసి, ఒకదానికి మాత్రం ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి, రెండూ ఎండలో పెట్టాలి. మూత లేని పళ్లెం ఆరిపోతుంది. స్టీలు నీళ్లు తాగదు కదా. కవరు కట్టిన దానిలో లోపలి వైపు సన్నని నీటి బొట్లు కనిపిస్తాయి. దీనితో ఏం తేలింది? నేల అసలు తాగలేదని తేలలేదు. నేల తాగకపోయినా నీళ్లు పోగలవని తేలింది. ఈ తేడా దగ్గర కాసేపు ఆగండి. ఎంత తేలిందో అంతే చెప్పడం టీచర్లకు అలవాటైతే, పిల్లలకూ అదే అలవాటవుతుంది.

3. చేసిన పనిని సబ్జెక్టులవారీగా విడదీయించండి

లోపలికి వచ్చాక ఒక పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీసి, ఇప్పటిదాకా చేసినవాటిని సర్దమనండి. దారంతో కొలవడం, పోల్చడం లెక్కల్లోకి. మాటల తేడాలు, చూసినదాన్ని వరసగా చెప్పడం భాషలోకి. మడుగు ఆకారాలు బొమ్మల్లోకి. ఊహించడం, పరీక్షించడం, ఆధారం చూపడం సైన్స్‌లోకి. ఒక్కో గడి కింద, తమ తరగతి సిలబస్‌లో ఇది ఏ అంశానికి సరిపోతుందో కూడా రాయాలి. ఇది అదనపు పని కాదు, ఎలాగూ చెప్పాల్సినదే అని అర్థమయ్యాక చాలామంది ముఖాలు తేలికపడతాయి.

ఇక్కడే నకిలీ కలపడం గురించి కూడా మాట్లాడండి. ‘3 కప్పలు, మరో 2 కప్పలు కలిస్తే ఎన్ని?’ అన్నది కూడికే. కప్పలు తీసేసి పెన్సిళ్లు పెట్టినా లెక్క మారదు. కప్ప మీద పాట పాడితే అది పాటే. పాట పాడటం మంచిదే, కానీ దాన్ని సైన్స్ ఖాతాలో వేసుకోకూడదు. నేను టీచర్లకు ఇచ్చే పరీక్ష ఒక్కటే. పాఠంలోంచి సైన్స్ ప్రశ్నను తీసేసి చూడండి. పాఠం చెక్కుచెదరకుండా నిలబడితే అక్కడ సైన్స్ లేనట్టే. లెక్కనో భాషనో తీసేసి చూడండి. అప్పుడూ నిలబడితే అవి అలంకారానికే ఉన్నాయన్నమాట.

4. టీచర్ల అపోహలను మర్యాదగా బయటికి తీయండి

‘చిన్న విత్తనం పెద్ద చెట్టయింది. ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగి, జవాబును పేరు లేకుండా చీటీ మీద రాయమనండి. ఎక్కువ చీటీల్లో ‘మట్టి నుంచి’ అని ఉంటుంది. అప్పుడు వాన్ హెల్మాంట్ సంగతి చెప్పండి. 17వ శతాబ్దపు ఈ వైద్యుడు 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 169 పౌండ్లు తూగింది. మట్టి తగ్గింది దాదాపు 2 ఔన్సులే, అంటే సుమారు 60 గ్రాములే. బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు. ఆయన మరణించాక, 1648లో ఈ ప్రయోగం అచ్చయింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కూడా చెట్టు తన శరీరాన్ని కట్టుకుంటుందని తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంత జాగ్రత్తగా తూచిన మనిషే సగం దూరంలో ఆగిపోయాడంటే, మనం పొరబడటంలో సిగ్గుపడాల్సింది లేదు.

మరిగే నీళ్ల మీద కనిపించే తెల్లని పొగ లాంటిదాని గురించీ అడగండి. దాన్ని నీటి ఆవిరి అంటాం. నిజానికి నీటి ఆవిరి కంటికి కనిపించదు. ఆ తెల్లనిది చల్లబడి మళ్లీ నీరైన సన్నని తుంపర.

5. ఒక పాఠం కలిసి తయారు చేయించండి, పిల్లల ముందు చెప్పించండి

పాఠానికి ఒకే ప్రశ్న ఉండాలి. నాకు బాగా పనిచేసినది: ‘వెలుతురు లేకపోతే మొక్క పొట్టిగా పెరుగుతుందా?’ రెండు కప్పుల్లో చిక్కుడు గింజలు నాటి, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి మూసిన పెట్టెలో పెట్టాలి. రోజూ మొక్క ఎత్తుకు సరిపడా కాగితం పట్టీ కత్తిరించి వరసగా అంటించాలి. సంఖ్యలు ఇంకా సరిగా రాని పిల్లలు కూడా ఈ పని చేయగలరు.

చీకట్లోది పొట్టిగా ఉంటుందని టీచర్లూ పిల్లలూ చాలామంది ఊహిస్తారు. మొదటి రోజుల్లో అదే పొడవు పెరుగుతుంది. వెలుతురు కోసం వెతుకుతున్నట్టు సాగుతుంది. కాగితం పట్టీలు మాత్రమే చూస్తే చీకటే మేలనిపిస్తుంది. రంగులతో బొమ్మ గీస్తే అసలు సంగతి తెలుస్తుంది. కాండం పాలిపోయి, సన్నగా, వాలిపోయి ఉంది. ఆకులు చిన్నవి, పసుపు రంగువి. కొలత ఒకటి చెప్పింది, బొమ్మ ఇంకొకటి చెప్పింది. రెండింటినీ కలిపి రెండు మూడు వాక్యాల్లో రాయమంటే, పిల్లలకు రాయడానికి నిజంగా ఒక విషయం దొరుకుతుంది.

పాఠం తయారయ్యాక ఆరుగురు పిల్లలతో ప్రయత్నించనివ్వండి. టీచర్లు ఒకరికొకరు పిల్లల్లా నటిస్తూ చెప్పుకోవడం మీద నాకు నమ్మకం లేదు. పెద్దవాళ్లకు జవాబు ముందే తెలుసు కాబట్టి అసలు ఇబ్బంది బయటపడదు.

గమనించాల్సినది ఒక్కటే పెట్టుకోండి: ప్రశ్న వేశాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే, టీచర్లు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోవడం తగ్గింది. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకోమనండి. మొదట ఆ మౌనం భరించలేనట్టు ఉంటుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

6. సామాను, జాగ్రత్తలు

సుద్ద, దారం, కాగితం, కప్పులు, గింజలు చాలు. ఖరీదైన కిట్లు బీరువాలో తాళం పడి ఉండటం చాలాసార్లు చూశాను. ఎండలో ఎక్కువసేపు ఉంచకపోవడం, సూర్యుడి వైపు చూడనివ్వకపోవడం, గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా చూడటం, మట్టి పని అయ్యాక చేతులు కడిగించడం, ఈ నాలుగూ ప్రతి ప్లాన్‌లో రాసి ఉండాలి.

7. మళ్లీ తరగతికి వెళ్లండి

వివరణ, ప్రదర్శన మాత్రమే ఉన్న శిక్షణ తరగతి గదిదాకా చేరడం కష్టమని, సాధన, తోటివారి సాయం తోడైతేనే అది పాఠంలోకి వస్తుందని టీచర్ల శిక్షణ మీద పనిచేసిన అమెరికన్ పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలో గట్టిగా వాదించారు. నా అనుభవమూ అదే. అందుకని వరసగా ఐదు రోజులు పెట్టేకన్నా, రెండు రోజులు పెట్టి, మూడు వారాలు వదిలి, తర్వాత ఒక పూట కలవడం మేలు. ఆ మూడు వారాల్లో ప్రతి టీచర్ ఒక్క పాఠం చెబితే చాలు. మీరు వెళ్లి చూసినప్పుడు మార్కులు వేయకండి. ‘ఆ పిల్లవాడు అలా ఎందుకు అన్నాడంటారు?’ అని అడిగి, వాళ్లు చెప్పేది వినండి.

తిరిగి కలిసే రోజు టీచర్లు తమ చేతిలో పాఠ్య ప్రణాళికకు బదులు మూడు నోట్‌బుక్కులు తేవాలి: బాగా రాసే పిల్లవాడిది, మధ్యస్థంగా ఉన్నవాడిది, అసలు రాయలేనివాడిది. మూడింటినీ బల్ల మీద పరచండి. పాఠానికి ముందు గీసిన బొమ్మ, తర్వాతి బొమ్మ పక్కపక్కన పెట్టండి. పిల్లల సొంత మాట ఎక్కడ ఉంది, బోర్డు మీది మాట ఎక్కడ ఉంది అని వేలు పెట్టి చూపించమనండి. అసలు రాయలేని పిల్లవాడి నోట్‌బుక్‌తోనే మొదలుపెట్టండి. అతను అంటించిన కాగితం పట్టీలు సరిగ్గా ఉంటే, తర్వాతి పాఠంలో అతని చేత ఏం చెప్పించవచ్చో, ఏ ఒక్క మాట రాయించవచ్చో అక్కడే కూర్చుని నిర్ణయించండి.