పాప తలలో పేలు: కండిషనర్‌, దువ్వెనతో వదిలించాను

మా పాప తలలో పేలు పడితే మందు జోలికి పోలేదు. తల తడిపి, కండిషనర్ దట్టంగా పట్టించి, ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీశాను. తర్వాత జుట్టును పాయలుగా విడదీసి, పేల దువ్వెనను మాడుకు ఆనించి కొసదాకా లాగడం, ప్రతిసారీ తెల్ల గుడ్డకు తుడిచి చూడటం. తడి జుట్టులో పేలు చురుగ్గా పాకలేవు, దొరికిపోతాయి.

అసలు టెన్షన్ ఈపులతోనే, అంటే పేల గుడ్లతోనే. వెంట్రుకకు జిగురుతో అతుక్కుంటాయి, తలంటితే పోవు. అవి పగలడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి, కనీసం రెండు వారాలు దువ్వాలి.

ఇంట్లో అందరి తలలూ చూశాను (పెద్దవాళ్లే ఎక్కువ గొడవ చేశారు!). కిరోసిన్ రాయమన్నవాళ్లూ ఉన్నారు; నిప్పంటుకుంటుంది, చర్మం మండుతుంది, అస్సలు వద్దు. దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికితే చాలు, తల వదిలిన పేను సాధారణంగా రెండు రోజులకు మించి బతకదు.