ప్రకృతి దృశ్య చిత్రణ – 6వ పాఠం: వెలుగు అడుగు నుంచి రావాలి

గత పాఠంలో ఆకాశానికి ఒకే రంగును పలచబరుస్తూ పూత వేయడం సాధన చేశాం. ఆ కాగితాలను దాచి ఉంచండి, ఈ రోజు వాటితో పని ఉంది. బొమ్మలోని వెలుగు రంగుదా, రంగు కింద ఉన్న తెలుపుదా? దీన్ని కంటితో పట్టుకోవడం, ఆ తర్వాత చేత్తో సాధించడం ఈనాటి పాఠం. ఇందుకు ఇంగ్లండు చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్‌ను (1775–1851) మించిన గురువు నాకు తెలియదు. కాగితం మీద తెలుసుకున్నదాన్ని ఆయన కాన్వాసు మీదికి తీసుకువెళ్లాడు.

ముందు ఆయన బొమ్మల ప్రదర్శన సంగతి ఒకటి చెప్పాలి. హెన్రీ వాన్ అనే చిత్రాల సేకరణకర్త రాసిన వీలునామా ప్రకారం టర్నర్ నీటిరంగుల చిత్రాలు 38 ఎడిన్‌బరోలోని నేషనల్ గ్యాలరీకి 1900లో చేరాయి. వాటిని జనవరి నెలలో మాత్రమే, అన్నింటినీ కలిపి, ఉచితంగా చూపించాలన్నది ఆయన షరతు. స్కాట్లండులో ఆ నెల పగటి వెలుతురు చాలా తక్కువగా ఉంటుంది. నీటిరంగులను వెలిసిపోయేలా చేసేది వెలుతురే కాబట్టి ఈ జాగ్రత్త. ఎంత ప్రేమ ఉంటే అంత ముందుచూపు వస్తుంది! ఇప్పటికీ మ్యూజియంలలో కాగితం మీది బొమ్మలకు సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు దాటనివ్వరు, తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాకా ఇస్తారు. అందుకే కాన్వాసుల గదిలోంచి నేరుగా కాగితాల గదిలోకి వెళ్తే బొమ్మలు వెలవెలబోయినట్టు అనిపిస్తాయి. తొందరపడి ముందుకు సాగిపోకండి. కళ్లు ఆ మసకకు అలవాటుపడేదాకా ఒకే బొమ్మ ముందు నిలబడండి.

అప్పుడు అందులో అన్నిటికన్నా ప్రకాశంగా ఉన్న చోటును వెతకండి. పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. అక్కడ కాగితపు గరుకు కనిపిస్తుంటే అది వదిలేసిన తెలుపు, లేదా తడిపి అద్ది తీసిన తెలుపు. నూగు లేచి గీత ఉంటే అది గోకి తీసిన తెలుపు. 1818లో యార్క్‌షైర్‌లోని ఫార్న్‌లీ హాల్ అనే భవంతిలో టర్నర్ ఒక యుద్ధనౌక బొమ్మను ఒక్క పూటలో పూర్తి చేశాడు. కాగితం తడిసి ముద్దయ్యేలా రంగు పోసి, బొటనవేలి గోటితో సముద్రాన్ని గీరాడని ఆ ఇంటివాళ్లు చెప్పుకునేవారు. ఆయన ఎక్కువగా వాడిన వాట్‌మన్ అనే రకం కాగితానికి జిగురు గట్టిగా పట్టించి ఉండేది కాబట్టి ఆ దాడిని తట్టుకుంది.

ఇక కాన్వాసు. అప్పటి చిత్రకారుల్లో చాలామంది ముదురు గోధుమరంగు పూతతో మొదలుపెట్టి, దాని మీద వెలుగును తెల్ల రంగుతో పేర్చేవారు. టర్నర్ తెల్లటి పూత వేసుకుని పలచని పొరలతో నడిచాడు. ట్వీడ్ నది ఒడ్డునున్న నార్హమ్ కోటను ఆయన మొదట 1797లో చూశాడు, మరుసటి ఏడాదే నీటిరంగుల్లో ప్రదర్శించాడు. దాదాపు 1845లో అదే కోటను సూర్యోదయ వేళలో తైలవర్ణాల్లో వేశాడు. అది ఆయన జీవితకాలంలో ప్రదర్శనకు రాలేదు, 1906లోనే జనం చూశారు. లేత నీలపు కోట, పసుపు పొగమంచు, నీటిలో ఒక ఎర్రని ఆవు. ఆ ఆవును చేత్తో మూసి చూడండి, వెలుగు పలచబడుతుంది. ఆ కొంచెం ముదురు రంగు ఆసరాతోనే తక్కినదంతా వెలుగుతోంది.

ఇప్పుడు మీ వంతు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) నూలు కాగితం తీసుకుని, మీ ఊరి చెరువునో కాలువనో తెల్లవారుజామున చూసి మొదలుపెట్టండి. కాగితమంతా తడపండి. పలచని పసుపు ఓకర్‌ను (మట్టి పసుపు రంగును) మధ్యలో, కోబాల్ట్ నీలాన్ని అంచుల్లో వేయండి. రెండూ కలిసే చోట కుంచె ఆడించవద్దు, ఆడిస్తే బురద ఆకుపచ్చ వస్తుంది. సూర్యుడి చోటును ముట్టుకోకండి.

గోకడం దగ్గరే అందరూ తడబడతారు, కాబట్టి దీన్ని గత పాఠంలోని పాత కాగితాల మీద ముందుగా ప్రయత్నించండి. కాగితం నీటితో మెరుస్తున్నప్పుడు గీస్తే రంగు ఆ గాడిలోకి పారి ముదురు గీత పడుతుంది. మెరుపు పోయి ఇంకా చెమ్మ ఉన్నప్పుడు కుంచె వెనుక కొసతో గీస్తే రంగు పక్కకు జరిగి లేత గీత వస్తుంది. పూర్తిగా ఆరాక బ్లేడు కొసతో తేలిగ్గా లాగితే స్వచ్ఛమైన తెలుపు బయటపడుతుంది, కానీ ఆ చోట మళ్లీ రంగు వేస్తే మరకలా పీల్చుకుంటుంది. కాబట్టి నీటి మీది మెరుపులు చివర్లోనే. రంగు అద్ది తీయాలంటే ఆరినచోట శుభ్రమైన తడి కుంచె నడిపి, కొన్ని క్షణాలు ఆగి, నూలు గుడ్డతో ఒత్తండి, రుద్దకండి.

అదే దృశ్యాన్ని చిన్న కాన్వాసు మీద తైలవర్ణాలతో కూడా వేయాలి. తెల్ల జెస్సో (రంగు వేయడానికి ముందు కాన్వాసుకు పూసే అడుగు పూత) రెండు పూతలు వేసి, ఆరాక గరుకు కాగితంతో నునుపు చేయండి. మొదటి పొరల్లో నూనె తక్కువగా, పైపొరల్లో ఎక్కువగా ఉండాలి. తారుమారైతే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. తెల్ల రంగును సూర్యుడి దగ్గర తప్ప మరెక్కడా వాడవద్దు. ఇది కష్టంగా ఉంటుంది, చేయి దానంతటదే తెలుపు వైపు పోతుంది. అయినా వాడకండి.

రెండూ పూర్తయ్యాక పక్కపక్కన గోడకు ఆనించి, గది దీపాలు తగ్గించి చూడండి. ఏది ముందు చీకటిలో కలిసిపోతోందో నోటుపుస్తకంలో రాసుకోండి. 7వ పాఠంలో దూరపు కొండల నీలాన్ని ఆ రాతతోనే మొదలుపెడదాం.